ముందు మూడు, వెనక మూడు

ఆ వానాకాలం మా ఇంట్లో ముగ్గురం మూడు పట్టుదలల మీద ఉన్నాం. తన కారు కొండ ఎక్కి తీరాలని నాన్న, అది ఎక్కకపోతేనే పీడ విరగడవుతుందని అమ్మ, దాని జబ్బేమిటో కనిపెట్టందే ఊరుకోకూడదని వాళ్ళ కూతుర్ని, నేను. ఇంట్లో నాలుగో మనిషి లేరు కాబట్టి సర్దిచెప్పేవాళ్ళూ లేరు.

అది జపాన్‌లో నలభై అయిదేళ్ళ కిందట తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ముక్కు పొడుగు, వెనక భాగం కురచ, ఎత్తు నా నడుము దాకా. నాన్న దాన్ని మా మెకానిక్ షెడ్డుకి ఈడ్చుకొచ్చిన రోజున అది కారని నమ్మడానికి నాకు కొంత సేపు పట్టింది. అడుగు రేకు తుప్పు పట్టి జల్లెడైపోయింది. సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. తొమ్మిదేళ్ళ పాటు, మామూలు పని అయిపోయాక మిగిలిన వేళల్లో, ఇద్దరం దాని మీద పడ్డాం. రేకు కోసి అతకడం, ఇంజన్ విప్పి బిగించడం ఆయన వంతు. అరగదీసి నునుపు చెయ్యడం, రంగు వెయ్యడం నా వంతు. షెడ్డులో మా బతుకుతెరువు కూడా అంతే, ఇంజన్లు ఆయనవి, రంగులు నావి. ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టం.

నాన్నని అందరూ గొట్టం మేస్త్రి అంటారు. అమ్మకి కోపం వచ్చినప్పుడు చివరి మాట మార్చి ఇంకోలా అంటుంది, అది ఇక్కడ రాయను. ఆ పేరెలా వచ్చిందంటే, పాత రకం ఇంజన్లలో కొన్నింటికి రెండు కార్బురేటర్లుంటాయి. గాలినీ పెట్రోలునీ కలిపి లోపలికి పంపేవి అవే. మా కారులో ముందుది ముందు మూడు సిలిండర్లనీ, వెనకది వెనక మూడింటినీ పోషిస్తుంది. రెండూ సమానంగా గాలి పీల్చాలి, లేకపోతే ఇంజన్ కుంటుతుంది. ఆ సమానం చూడ్డానికి మీటర్లున్నాయి. నాన్న వాటి మొహం చూడడు. మూరెడు రబ్బరు గొట్టం తీసుకుని ఒక కొస కార్బురేటర్ నోటి దగ్గర, రెండో కొస చెవిలో పెట్టుకుని, లోపలికి పోయే గాలి చప్పుడు వింటాడు. రెండూ ఒకే శ్రుతిలో పలికేదాకా స్క్రూలు తిప్పుతాడు.

అది చూడముచ్చటైన పని. కారు ఎడమ పక్క నిలబడి బానెట్ కిందికి వంగితే ముందు కార్బురేటర్ ఆయనకి ఎడమ చేతి వైపు ఉంటుంది, వెనకది కుడి చేతి వైపు. ముందుదాన్ని ఎడమ చేత్తో గొట్టం పట్టి ఎడమ చెవితో వింటాడు. ఆ వెంటనే గొట్టాన్ని కుడి చేతిలోకి విసిరినట్టు మార్చుకుని వెనకదాన్ని కుడి చెవితో వింటాడు. మనిషి అంగుళం కూడా కదలడు. ఒకప్పుడు వేరే మెకానిక్‌లు తమ వల్ల కాని బండ్లని తోసుకుంటూ ఆయన దగ్గరికి తెచ్చేవాళ్ళు. ఇప్పటి కార్లలో ఆ పనంతా కంప్యూటర్ చేసుకుంటుంది కాబట్టి, గొట్టం అవసరమైన బండి మా షెడ్డులో ఇదొక్కటే మిగిలింది.

పాత కార్ల సంఘం వాళ్ళు ఏటా వానలు వెళ్ళాక వచ్చే మొదటి ఆదివారం కొండ ఎక్కుతారు. పందెమేమీ కాదు. ఏడు మలుపులు, ఎక్కడా ఆగకుండా పైకి చేరాలి, అంతే. కిందటేడు మా కారు మొదటిసారి వెళ్ళి నాలుగో మలుపులో ఆగిపోయింది. మలుపు కోసం యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి మళ్ళీ మెల్లిగా నొక్కగానే దగ్గింది, వణికింది, చచ్చింది. దాన్ని పక్కకి తొయ్యడానికి వచ్చినవాడు ఇంజన్ల వ్యాపారి. పాత కార్లు తీసుకుని, ఇంజన్ పీకేసి, కొత్తది దింపి అమ్మడం ఆయన పని. ఒళ్ళు బ్రహ్మాండంగా ఉంది మేస్త్రీ, లోపలిదే పనికిరాదు, నాకిచ్చెయ్యి అన్నాడు. చుట్టూ జనం ఉన్నారు. వచ్చే ఏడు కూడా ఎక్కకపోతే తాళాలు తెచ్చి నీ చేతిలో పెడతానన్నాడు నాన్న. ఆయన అన్న మాట మీద నిలబడే మనిషి, మా ఖర్మ.

అమ్మ ఈ మాట విని సంతోషించింది. నలభై ఏళ్ళు గ్రంథాలయంలో పనిచేసిన మనిషి, గొంతు పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. తిట్టినా పక్క గదిలోకి వినబడకుండా తిడుతుంది. కానీ రెండేళ్ళ కిందట ఒకసారి, షెడ్డు నుంచి మూడు రోజులుగా వేళకి భోజనానికి రాలేదని, ఆ కారో నేనో తేల్చుకోండి అనేసింది. అప్పట్నించి నాన్న భోజనాల బల్ల దగ్గర ఆవిడకి జవాబివ్వడం తగ్గిపోయింది. బల్లకి చివర నాన్న కూర్చుంటాడు, కుడి చేతి వైపు అమ్మ, ఎడమ చేతి వైపు నేను. నేనడిగితే చెప్తాడు. అమ్మ అడిగితే కంచంలోకి చూస్తూ తింటాడు. ఒకటి రెండు సార్లు అమ్మ మొహం చూసి నాకే నాన్న మీద ఒళ్ళు మండింది. ఇంత పంతమా ఈ మనిషికి అనుకున్నాను.

వానాకాలం సగమయ్యాక బానెట్ ఎత్తాం. నాన్న ఒక్కో భాగాన్నీ నేరస్థుణ్ణి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. వారానికొకటి. పెట్రోలు పంపు మార్చాడు. కార్బురేటర్లు రెండూ విప్పి లోపలి సూదులు, జెట్లు కొత్తవి వేశాడు. కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మార్చాడు. ప్రతిసారీ అంతా బిగించి, చివరికి గొట్టం తీసుకుని శ్రుతి చేసి, బయటి రోడ్డు మీద ఒక చుట్టు వేసుకొచ్చేవాడు. రోడ్డు చివర స్పీడు బ్రేకర్ ఉంది. అక్కడ కాలు తీసి నొక్కగానే అదే దగ్గు. ఆయన దిగి తలుపు వేసేవాడు, అదీ నెమ్మదిగా, ఎందుకంటే ఆ తలుపు రంగు నాది.

నాకు ఇంజన్ సంగతి తెలియదు. రంగు సంగతి తెలుసు. అందుకని నాకు చేతనైనది మొదలుపెట్టాను. ప్రతి పరీక్ష తర్వాత ఆరు స్పార్క్ ప్లగ్గులూ విప్పించి, వాటి కొనలు ఏ రంగులో ఉన్నాయో చూశాను. ఇంజన్ సరిగా మండితే ప్లగ్గు కొన బిస్కెట్ రంగులో ఉంటుందని, మసి పడితే అక్కడ సరిగా మండటం లేదని నాన్నే ఎప్పుడో చెప్పాడు. ఒక పొడుగాటి చెక్క పలకకి వరసకి ఆరు చొప్పున చిల్లులు వేసి, వాడిన ప్లగ్గుల్ని పారెయ్యకుండా అందులో గుచ్చాను. వరస పక్కన రంగు టేపు ముక్క మీద తేదీ, ఆ వారం ఏం మార్చామో. పలక గోడకి ఆనించాను. నాన్న దాన్ని చూసి, మ్యూజియం పెడుతున్నావా అన్నాడు.

అయిదు వారాలు గడిచేసరికి అయిదు వరసలయ్యాయి. అయిదింట్లోనూ ముందు మూడు నల్లగా మసి కొట్టుకుపోయి ఉన్నాయి. వెనక మూడు శుభ్రంగా ఉన్నాయి. ఏం మార్చినా అంతే. చెప్తే నాన్న, అయితే జబ్బు ముందు కార్బురేటర్‌లో ఉందన్నమాట అని, దాన్ని ఇంకోసారి విప్పాడు. అందులో ఏమీ దొరకలేదు.

ఆరో వారం, ఒక సోమవారం, రేడియేటర్ పక్క రేకు సవరిస్తూ నాన్న ఎడమ అరచెయ్యి కోసుకున్నాడు. నాలుగు కుట్లు పడ్డాయి. చేతికి బంతంత కట్టు. పది రోజులు ఆ చెయ్యి కదపొద్దన్నారు డాక్టరు. సరేనని తలూపి, మర్నాడు పొద్దున్నే షెడ్డులో ఉన్నాడు. కార్బురేటర్ల అతుకులో గాలి దూరకుండా కొత్త గాస్కెట్ వెయ్యాలి, నువ్వు నా ఎడమ చెయ్యివి అన్నాడు. మా ఇద్దరి మధ్య ఉన్న ఒప్పందం అలా మొదటిసారి తప్పింది. ఆయన చెప్పినట్టల్లా నేను బిగించాను. శ్రుతి చేసేటప్పుడు ఆయన గొట్టాన్ని కుడి చేత్తోనే పట్టుకుని, మనిషే ఇటూ అటూ జరుగుతూ రెండూ విన్నాడు. స్క్రూ నేను తిప్పాను. పావు చుట్టు లోపలికి, ఆగు, కొంచెం బయటికి, ఆగు. రెండు నిమిషాల పని గంట పట్టింది. బయట వానొకటి, రేకు మీద చప్పుడుకి ఏమీ వినబడి చావడం లేదని విసుక్కున్నాడు.

ఆ మధ్యాహ్నం కారు నేను నడిపాను, ఆయన పక్కన కూర్చున్నాడు. స్పీడు బ్రేకర్ దగ్గర కాలు తీశాను. మెల్లిగా నొక్కాను. దగ్గు లేదు. ఒకే గుక్కలో లాగినట్టు ముందుకి దూకింది. మళ్ళీ తిరిగొచ్చి మళ్ళీ చేశాను. నాలుగు సార్లు చేశాం. నాన్న కట్టుకట్టిన చెయ్యి తొడ మీద పెట్టుకుని, గాస్కెట్టే దొంగ అన్నాడు. ఆ రోజు నేను ఎంత సంతోషించానో చెప్పలేను. ఆ వరస ప్లగ్గులు ఆరూ ఒకే బిస్కెట్ రంగులో ఉన్నాయి.

వానలు వెనకపట్టు పట్టాయి. కొండ ఎక్కే ఆదివారం ఖాయమైంది. అంతకు ముందు బుధవారం నాన్న కుట్లు విప్పించుకొచ్చాడు. ఆ చెయ్యి లేనప్పుడు చేసిన పని పని కాదని, గురువారం పొద్దున గొట్టం తీసుకుని తన పద్ధతిలో మళ్ళీ శ్రుతి చేశాడు. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, రెండు నిమిషాలు. రోడ్డు మీద చుట్టు వేసుకొచ్చాడు. స్పీడు బ్రేకర్ దగ్గర దగ్గు షెడ్డులో ఉన్న నాకు వినబడింది.

కారు లోపల పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు.  ఆ వ్యాపారికి ఫోను చేసి చెప్పెయ్యనా అని అడిగాడు. ఇంకా మూడు రోజులుంది కదా అన్నాను. మూడు రోజుల్లో ఏం మారుస్తాం, అన్నీ మార్చేశాం కదా అన్నాడు.

శుక్రవారం ఆయన చేతికి మందు రాయించుకోవడానికి వెళ్ళినప్పుడు నేను పలక ముందు కూర్చున్నాను. ఏడు వరసలు. ఆరింట్లో ముందు మూడు నలుపు. ఒక్క వరసే బాగుంది. గాస్కెట్టే దొంగైతే, అదే గాస్కెట్ నిన్న కూడా ఉంది కదా. ఆ మంగళవారానికీ నిన్నటికీ తేడా ఏమిటి? భాగాల్లో తేడా లేదు. చేతిలో తేడా. ఆ రోజు గొట్టం ఒకే చేతిలో ఉంది.

లేచి ఇంజన్ స్టార్ట్ చేసి, జన్మలో మొదటిసారి ఆ గొట్టం చెవిలో పెట్టుకున్నాను. ముందుది సన్నగా ఊదుతోంది. వెనకది ఈదురుగాలిలా హోరెత్తుతోంది. నాలాంటిదానికే తెలిసిపోయే తేడా అది. గొట్టం మేస్త్రికి తెలియకపోవడమేమిటి? ఇంజన్ ఆపేశాను. ఆ రోజు రేకు మీద పడింది తుంపరేనని గుర్తొచ్చింది. అంతకంటే ముందు భోజనాల బల్ల గుర్తొచ్చింది.

మధ్యాహ్నం నాన్న రాకముందే వెళ్ళి అమ్మ కుర్చీలో కూర్చున్నాను. ఇటు గాలి బాగా వస్తోంది, ఇవాళ్టికి నువ్వటు కూర్చో అని అమ్మని నా కుర్చీలోకి పంపాను. నాన్న వచ్చి మధ్యలో కూర్చుని తినడం మొదలుపెట్టాడు. నేను ఆయన కుడి పక్క నుంచి, అమ్మ మాట్లాడేంత గొంతుతో అన్నాను:

"నాన్నా, కారు అమ్మేద్దాం."

అమ్మ చెయ్యి గాలిలో ఆగిపోయింది. నాన్న తింటున్నాడు. ఆ మాట విని కంచం ముందు నుంచి లేవకుండా ఉండే మనిషి కాదు ఆయన. ఇంకోసారి అన్నాను. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూసుకుంటున్నట్టు నెమ్మదిగా నములుతున్నాడు. అప్పుడు అమ్మ ఎడమ పక్క నుంచి, ఆ గ్రంథాలయం గొంతుతోనే, మంచినీళ్ళు కావాలా అంది. నాన్న వెంటనే అటు తిరిగి, సగం గ్లాసు చాలు అన్నాడు.

అమ్మ నీళ్ళు పోసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేనూ వెళ్ళాను. కుళాయి తిప్పి, కింద గిన్నె ఏదీ లేకుండా నిలబడి ఉంది.

"ఎప్పట్నించి?" అంది.

నాకూ ఇవాళే తెలిసిందన్నాను. కారు సంగతి, ప్లగ్గుల సంగతి చెప్పాను. ఆవిడ అవేవీ విన్నట్టు లేదు. ఆ కారో నేనో అని నోరు జారిన వారం లోపలే, బల్ల దగ్గర, తప్పయిపోయింది, అలా అనకుండా ఉండాల్సింది అని నేనే అన్నానే అంది. "తలెత్తలేదు. తింటూనే ఉన్నారు. నా మొహం చూడ్డం కూడా ఇష్టం లేదనుకున్నాను. రెండేళ్ళు అలాగే అనుకున్నాను."

కుళాయి నేను కట్టేశాను. ఇద్దరికీ ఏడుపొచ్చింది. అమ్మే ముందు తేరుకుంది. ఆయనకి చెప్తావా అని అడిగింది. చెప్తే ఏమవుతాడోనని నాకు భయంగా ఉంది. ఊళ్ళో ఆయనకున్న పేరు చేతుల వల్ల వచ్చింది కాదు, చెవుల వల్ల వచ్చింది. ఆ గొట్టం పక్కన పెట్టమంటే ఇక షెడ్డులోకి ఏ మొహంతో వస్తాడు? ఆ మాటే అన్నాను.

"చెప్పకపోతే కారు పోతుంది" అంది అమ్మ. రెండేళ్ళుగా ఆ కారు పోవాలని కోరుకున్న మనిషి. "చెప్పు. కానీ షెడ్డులో చెప్పు. ఇంట్లో కాదు."

శనివారం పొద్దున పలక తెచ్చి బానెట్ మీద పెట్టబోయి, రంగు గీసుకుంటుందని బల్ల మీద పెట్టాను. నాన్నా, ఒకసారి చూడు అన్నాను. ఆయన ఎడమ పక్కే నిలబడ్డాను. బాగున్న వరస మీద వేలు పెట్టాను.

"ఇది నీ చేతికి కట్టున్నప్పటిది. ఆ రోజు రెండూ కుడి చెవితోనే విన్నావు. మిగతావన్నీ ఒకటి ఎడమ చెవితో, ఒకటి కుడి చెవితో విన్నవి."

నాన్న పలక కేసి చూశాడు. ప్లగ్గు చదవడం ఆయనకి ఒకరు నేర్పక్కర్లేదు. ఆరు వరసలూ, ఒక వరసా, మళ్ళీ ఆరు వరసలూ చూశాడు.

"ఆ రోజు వాన" అన్నాడు.

"వాన కాదు నాన్నా."

ఆయన ఇంజన్ స్టార్ట్ చెయ్యమని చేత్తో సైగ చేశాడు. ఎప్పటి చోటే నిలబడి ముందు కార్బురేటర్‌ని ఎడమ చెవితో విన్నాడు. గొట్టం కుడి చేతిలోకి మారబోయి సగంలో ఆగింది. ఒక అడుగు పక్కకి వేశాడు. నడుము వంచి, మెడ తిప్పి, కొత్తగా పనిలో చేరినవాడిలా ఇబ్బంది పడుతూ వెనకదాన్ని ఎడమ చెవి దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆ మొహం నేను చూడకుండా ఉండాల్సింది. చాలా సేపు అలాగే విన్నాడు. తర్వాత స్క్రూడ్రైవర్ అందుకుని వెనక స్క్రూ ముప్పావు చుట్టు బయటికి తిప్పాడు, ముందుది కొంచెం లోపలికి తిప్పాడు. మళ్ళీ ముందుకి జరిగాడు, మళ్ళీ వెనక్కి. ఇంజన్ గొంతు మారింది. కుంటు పోయింది.

"ఇంత తేడానా" అన్నాడు. స్క్రూడ్రైవర్ కింద పెట్టి, "మీ అమ్మకి తెలుసా?"

తెలుసన్నాను.

"ఏమంది?"

నీకేదో చెప్పిందట, నువ్వు వినలేదట అన్నాను. అంతకంటే చెప్పడం నా పని కాదనిపించింది. ఆయన గొట్టాన్ని గుడ్డతో తుడిచి, ఎప్పుడూ పెట్టే మేకుకే తగిలించాడు.

ఆదివారం ఎండ కాసింది. మా ముందు ఎనిమిది కార్లు, వెనక పదో పన్నెండో. నాన్న నడిపాడు, నేను ఆయన ఎడమ పక్క సీట్లో. ఒకటి, రెండు, మూడు మలుపులు ఏ తడబాటూ లేకుండా అయ్యాయి. నాలుగో మలుపు దగ్గర ఇంజన్ల వ్యాపారి తోసే మనుషుల్నీ తాడునీ కూడా తెచ్చుకుని సిద్ధంగా నిలబడి ఉన్నాడు. నాన్న కాలు తీశాడు.  ఎలా ఉంది చప్పుడు అని అడిగాడు నన్ను, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా. ఇంజన్ గురించి ఆయన నన్నొక మాట అడగడం అదే మొదలు. బాగుంది నాన్నా, నొక్కు అన్నాను. నొక్కాడు. వ్యాపారి అద్దంలో చిన్నగా అయిపోయాడు.

పైకి చేరాక ఆయన దిగి, బానెట్ ఎత్తి, ఊరికే చూసి దించాడు. ఎవరెవరో వచ్చి చేతులు కలిపారు. కుడి పక్క నుంచి ఎవరైనా పలకరిస్తే నేను నాన్నని మోచేత్తో పొడిచి చెప్పాను. మా కొత్త ఒప్పందం అలా మొదలైంది, ఆయన చేతులు, నా చెవులు.

ఇంటికొచ్చేసరికి అమ్మ బల్ల మీద కంచాలు సర్దుతోంది. ఎక్కిందా అని కూడా అడగలేదు, మా మొహాల మీదే ఉంది. నాన్న చేతులు కడుక్కొచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. నేను నా కుర్చీలో కూర్చోబోయాను.

"నువ్వు అటు వెళ్ళు" అన్నాడు నాతో, కుడి పక్క చూపిస్తూ. "ఇక్కడ మీ అమ్మ కూచుంటుంది."

అమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఆ తర్వాత వచ్చి ఆయన ఎడమ పక్క కూర్చుంది. నేను ఆవిడ పాత చోటుకి మారాను. నాన్న కంచాన్ని కొంచెం ముందుకి నెట్టి అమ్మ వైపు తిరిగాడు.

"ఆ రోజు ఏదో అన్నావట. మళ్ళీ అను" అన్నాడు.

అమ్మ అంది. ఏ మాటలతో అందో నాకు తెలియదు, కుడి పక్కకి వినబడేంత గొంతుతో అనలేదు. నాన్న చివరిదాకా విని తలూపాడు. కుట్ల మచ్చ ఇంకా పచ్చిగా ఉన్న ఎడమ చేత్తో మంచినీళ్ళ గ్లాసు తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"నేనూ వేళకి రావాల్సింది" అన్నాడు.